బాలానగర్ దారికి తగిన టైరు

మా శీను దుకాణానికి పోయిన వారం ఒక పిల్ల వచ్చి, రెండు టైర్లు ఎంచుకోవడానికి పూటంతా కూర్చుంది. శీను నా కొడుకు. పుప్పాలగూడలో ముప్పై అంతస్తుల అపార్టుమెంట్లకు ఎదురుగా సైకిళ్ల దుకాణం నడుపుతాడు. నేను రోజూ పొద్దున వంట అయ్యాక వచ్చి, గాలి కొట్టే మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మా ఆయన పోయి నాలుగేళ్లు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోవడం నాకు చేతకాదు. చదువు రాదు, బస్సు నంబరు గుర్తుపడతాను, పేరు రాస్తాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా మొరటు మాటను అది కొంచెం సాపు చేస్తుందట, చేయనీ. మనుషులు అన్న మాటలను మాత్రం అన్నట్టే పెట్టమన్నాను.

ఆ పిల్ల పేరు హరిత. అనంతపురం వాళ్లు, ఇక్కడి ఆఫీసులో కంప్యూటర్ పని. ఆమె సైకిలు హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, టైర్లు నా బొటనవేలంత సన్నం. వెనక టైరు నడుమ అరిగి బల్లపరుపుగా అయిపోయింది, దాని నిండా గాజు పెంకులు కోసిన గాట్లు. వారానికి మూడు రోజులు తెల్లవారగానే ఒక గుంపుతో కలిసి రింగు రోడ్డు పక్కన సైకిళ్ల కోసం వేసిన దారిలో పోతారట. శీను మూడు రకాల టైర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పందేలకు వాడేది, చేతిలో పెడితే బరువే తెలియదు. ఒకటి మందమైనది, ముల్లు దిగకుండా లోపల గట్టి పొర ఉన్నది. మూడోది ఆ రెంటికీ నడిమిది, పొర పలచగా ఉన్నది. హరిత టైరు చూస్తుంది, ఫోను చూస్తుంది, మళ్లీ టైరు చూస్తుంది.

“నాకు రెండూ కావల్లన్నా. స్పీడూ ఉండల్ల, పంక్చరూ కాకూడదు,” అంది.

“రెండూ ఒక్కదాంట్ల రావమ్మా. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతది,” అన్నాడు శీను.

“ఈ మందంది వేస్తే కిలోమీటరుకు ఇన్ని సెకన్లు పోతాయంట. ఫోన్లో రాసినారు.”

నాకు నోరు ఊరుకోదు. “సెకన్లు సరే బిడ్డా, ట్యూబు మార్చెతందుకు నీకు ఎంత సేపు వడ్తది?” అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగి నవ్వింది. “ఇరవై నిమిషాలవ్వా. చేతులు వణికితే అరగంట.”

“అరగంట ఆగుతదా మీ గుంపు?”

“ఆగరవ్వా. మొదట్లో ఆగినారు. మూడు తూర్లు నాకే పంక్చరయింది గదా, ఇప్పుడు చెయ్యి ఊపి పోతారు. మొన్న ఆదివారం ఈ సైకిలు బూట్లేసుకుని నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటా నడిచినా.”

ముందు చక్రానికి తేలిక టైరు, వెనక చక్రానికి నడిమి టైరు వేసుకోమన్నాను. మనిషి బరువు ఎక్కువ వెనక చక్రం మీదే పడుతుంది. ముందు చక్రం ముల్లును లేపి నిలబెడుతుంది, వెనక చక్రం పోయి దాని మీద కూర్చుంటుంది. గాలి కూడా రాయిలా నింపవద్దని, బొటనవేలుతో నొక్కితే రవ్వంత లొంగాలని చెప్పాను. శీను తలూపుతూ, “మా అమ్మ చెప్పిందే ఫోన్లోళ్లు గూడ చెప్తరు, గని గంట సేపు చెప్తరు,” అన్నాడు.

“నీకెట్ల తెలుసవ్వా ఇదంతా? నువ్వు గూడా తొక్కినావా సైకిలు?”

“నేను తొక్కలే. తొక్కెటాయన టైరు నేను జూసిన.”

ఆమె నేను చెప్పినట్టే టైర్లు వేయించుకుని వెళ్లిపోయింది. కానీ ఆ ‘ఆగరవ్వా’ అన్న మాట నాతో ఇంటిదాకా వచ్చింది. ఆగని వాళ్ల సంగతి నాకూ తెలుసు. అప్పటికి నా పెళ్లయి రెండేళ్లు కాలేదు.

మా పుట్టిల్లు ఈ పుప్పాలగూడే. ఇప్పుడు శీను దుకాణం ఉన్న చోట అప్పుడు గుండ్లు, సీతాఫలం చెట్లు, నడుమ జొన్న చేలు. గుండ్ల సందుల్లో తెల్లటి పలుగురాయి పడి ఉండేది. మా అమ్మ దాన్ని ఏరుకొచ్చి, రోట్లో దంచి, పాత చీర ముక్కతో జల్లించి ముగ్గుపొడి చేసేది. నాలుగు ఊళ్లలో అంత తెల్లటి ముగ్గు లేదని అందరూ అనేవారు. నన్ను బోరబండకు ఇచ్చినప్పుడు పెట్టెలో రెండు చీరలు, ఒక ఇత్తడి చెంబు, ఒక సంచి ముగ్గుపొడి పెట్టి పంపింది. అత్త పొద్దున్నే నా ముగ్గు చూసి, “మీ ఊర్ల వేరే పని లేదా, గింత మెత్తగ దంచిన్రు?” అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాట ఎప్పుడూ అట్లాగే ఉండేది.

బోరబండలో మాకు రెండు గదులు. ముందు గది మా మామ సైకిళ్ల దుకాణం, వెనక గదిలో సంసారం. రెంటికీ నడుమ తలుపు లేదు, గోనె పరదా ఉండేది. పొద్దున లేస్తే ఇంట్లో ట్యూబుకు పూసే సొల్యూషన్ వాసన, దాని మీద కిరసనాయిలు స్టవ్ వాసన, దాని మీద జొన్నరొట్టె కాలిన వాసన. కొత్తలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే రబ్బరు తిన్నట్టు ఉండేది. నెల తిరిగేసరికి ఆ వాసన లేకపోతే ఆకలి వేసేది కాదు. మామ పొద్దున ట్యూబులు ముంచే తొట్టిలో నీళ్లు పోయించుకుని, పనిముట్లు వరుసగా గోనె మీద పేర్చుకుని, చాయ్ తాగి కూర్చుంటే మధ్యాహ్నందాకా లేచేవాడు కాదు. ఆయనకు కళ్లు మసకబారాయి. అయినా పని ఆపలేదు. ట్యూబులో గాలి నింపి, పెదవి తడి చేసుకుని, ట్యూబును మెల్లగా పెదవి ముందు తిప్పేవాడు. ఎంత చిన్న చిల్లు అయినా గాలి చల్లగా తగిలేది. “ఇగో, ఈడ,” అని నా వేలు పట్టుకుని దాని మీద పెట్టేవాడు. నేను అక్కడ సున్నం బొట్టు పెట్టేదాన్ని.

అట్లా మొదలైంది నా పని. ముందు బొట్టు పెట్టడం, తరువాత గీకడం, ఆపైన ప్యాచీ కోసి అంటించడం. పరదా ఇవతల స్టవ్ మీద కూర, అవతల చేతిలో ట్యూబు. అత్తకు ఇది ఇష్టం లేదు, అట్లని ఆపలేదు. “రొట్టె జేస్తె నాలుగు మూలలొస్తయి గని, ప్యాచీ మాత్రం గుండ్రంగ కోస్తది నా కోడలు,” అని వీధిలో అందరికీ చెప్పేది. దుకాణం ముందు ఆగిన మగవాళ్లు ఆడపిల్ల పంక్చర్ వేయడమేమిటని మొదట మామ చేతికే ఇవ్వబోయేవారు. మామ అది నా చేతికి ఇచ్చి, “నాకన్న గట్టిగేస్తది, ఫికర్ జెయ్యకు,” అనేవాడు. ఇంటి మొగవాడు వీధిలో నా గురించి ఒక మాట మంచిగా అనడం అదే నేను మొదటిసారి వినడం.

మా ఆయన బాలానగర్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. బదిలీ మనిషి, పర్మినెంటు కాదు. అవసరం ఉన్న రోజు పిలుస్తారు, లేని రోజు గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతారు. పొద్దున సైరన్ ఆగే లోపల ప్రతి మనిషి తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్లను గేటు లోపలి పెట్టెలో వేయాలి. సైరన్ ఆగగానే పెట్టె మూత వేసేస్తారు. ఆ తరువాత వచ్చినవాడు ఎంత మంచి పనివాడైనా ఆ రోజుకు ఇంటికే. ఆ ఏడు వానాకాలంలో పర్మినెంటుకు మనుషులను ఎక్కిస్తామని చెప్పారు. పనితనం ఎట్లాగూ చూస్తారు, దాంతోపాటు ఇంకో షరతు పెట్టారు: వానాకాలం మొదలు దసరాదాకా మూడుసార్లు ఆలస్యమైతే పేరు తీసేస్తారు. ఎక్కించబోయేవాళ్ల పేర్లు రాసిన కాగితంలో మా ఆయన పేరు ఉంది. పర్మినెంటు అయితే దవాఖాన ఉంటుంది, పిలుస్తారో పిలవరో అన్న పరేషాన్ ఉండదు, ముసలితనంలో మామ కూర్చుని తినవచ్చు. మా ఇంట్లో ఆ నాలుగు నెలలు వేరే ముచ్చట లేదు.

బోరబండ నుంచి సనత్‌నగర్, ఫతేనగర్‌ల మీదుగా బాలానగర్‌కు సైకిలు మీద అరగంట దారి. దారి పెద్దది కాదు, కానీ చెడ్డది. బాలానగర్ దగ్గరపడ్డాక రోడ్డుకు రెండు పక్కలా లేత్ మిషన్ల షెడ్లే. మిషన్ మీద ఇనుము చెక్కితే సన్నటి చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంది. దాన్ని లారీల్లో ఎత్తుకుపోయేటప్పుడు రోడ్డంతా పోసుకుంటూ పోతారు. వాన పడితే ఆ పొట్టు నీళ్లలో తేలి రోడ్డు నడుమకు వస్తుంది. తడిసిన రబ్బరులోకి ఇనుము ఇంకా సులువుగా దిగుతుంది. వానాకాలం మొదటి నెలలోనే మా ఆయనకు రెండుసార్లు పంక్చరైంది, రెండుసార్లూ పెట్టె మూసేశారు. ఇక ఒక్కసారి మిగిలింది.

అప్పుడు ఇంట్లో టైరు పంచాయితీ మొదలైంది. మామ, పాలవాళ్ల సైకిళ్లకు వేసే మందం టైరు వేయమన్నాడు. నాలుగు పాల క్యాన్లు వేసుకుని గుండ్ల మీద తిరిగే టైరు అది.

“గది ఏస్తె ఇనుము గాదు, గడ్డపార గూడ దిగదు,” అన్నాడు మామ.

“దిగదు నాయినా, నేను గూడ కదలను. గా టైరుతోని ఫతేనగర్ ఎత్తు ఎక్కుతుంటె సైరన్ మోగనే మోగుతది. పంక్చరై లేటైతేంది, టైరు బరువై లేటైతేంది? పెట్టె మూసుడు ఒక్కటే,” అన్నాడు మా ఆయన. ఆయనకు సన్న టైరు కావాలి. బజార్లో కొత్తగా వచ్చింది, తొక్కితే గాలిలో పోయినట్టు ఉంటుందట.

“జర ముంగటనే లేసి పోరాదురా మరి,” అంది అత్త పరదా వెనక నుంచి.

“ఎంత ముంగట పోయినా దార్ల పంక్చరైతే ఏం జేస్త? నువ్వొచ్చి నూకుతవా?”

మూడు రోజులు అన్నం దగ్గర ఇదే గొడవ. చివరికి మామే ఒక దారి చెప్పాడు. రెండు చక్రాలకూ సన్న టైర్లే వేయాలి. వెనక చక్రానికి మాత్రం టైరుకూ ట్యూబుకూ నడుమ ఒక పట్టీ పెట్టాలి. పాత టైరు తీసుకుని, రెండు అంచుల తీగలు కోసేసి, మిగిలిన మెత్తటి నడుమ భాగాన్ని చుట్టూ పరచడం. ఇనుప పొట్టు టైరులోకి దిగినా పట్టీ దగ్గర ఆగిపోతుంది. బరువు కొంచెం పెరుగుతుంది, పాల టైరంత కాదు. పట్టీ అంచులు పదునుగా ఉంటే ట్యూబును కోస్తాయని, మామ కత్తితో వాటిని ఏటవాలుగా చెక్కి, బొటనవేలు అంచు వెంట నడిపి చూసుకునేవాడు. అది పెట్టే ముందు ట్యూబుకూ పట్టీకీ తెల్లటి మెత్తని పొడి పట్టించేవాడు. రెండూ ఒకదానికొకటి రాసుకోకుండా జారాలి కదా. ఆ పొడి డబ్బా మామ ఎప్పుడూ గోడ అలమారలో పెట్టేవాడు.

ఆ పట్టీతో రెండు నెలలు ఒక్క పంక్చర్ లేదు. మా ఆయన ఇంటికి రాగానే మామ సైకిలు బోర్లించుకుని, టైరంతా వేలితో తడుముతూ, పిన్నీసుతో ఇనుప ముక్కలు ఒక్కొక్కటే పీకి నా అరచేతిలో వేసేవాడు. ఒక రోజు ఏడు వచ్చాయి. ఏడింటిలో ఒక్కటీ పట్టీ దాటలేదు. మా ఆయన దాన్ని చూసి, “నాయినా, నువ్వు మా వర్క్‌షాపుల ఉండాలె,” అన్నాడు. మామ ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

దసరా ఇంకా రెండు వారాలు ఉందనగా పట్టీ ఒకచోట చిరిగింది. మామకు ఆ రోజు జ్వరం. లోపల పడుకుని, కొత్త పట్టీ కోయమని నాకే చెప్పాడు. కోశాను. అంచులు చెక్కాను. ఆయన మంచం దగ్గరికి తీసుకుపోతే బొటనవేలితో చూసి, “మంచిగున్నది. పొడి వట్టించి ఎక్కియ్యి,” అన్నాడు. పోయి డబ్బా మూత తీస్తే ఖాళీ. మామను లేపుదామా అంటే అప్పుడే ఆయనకు కునుకు పట్టింది. నాకు కావలసింది తెల్లటి మెత్తటి పొడి. గడప పక్కన నా ముగ్గు గిన్నె నిండుగా ఉంది. మా అమ్మ జల్లించిన పొడి, అంత తెల్లటిది, అంత మెత్తటిది నాలుగు ఊళ్లలో లేదు. దోసెడు తీసుకుని ట్యూబుకంతా పట్టించి, పట్టీ మీద కూడా చల్లి, చక్రం బిగించాను. పని బాగా చేశానని నాకు గుర్తు. ఎంత బాగా అంటే, చక్రం తిప్పి అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను.

వారం రోజులు ఏమీ కాలేదు. తరువాత పొద్దున చూస్తే వెనక చక్రంలో గాలి కొంచెం తగ్గి ఉండేది. మా ఆయన గాలి నింపే చోట ఉండే సన్న రబ్బరు గొట్టం, వాల్ ట్యూబు, మార్చి, పంపు కొట్టుకుని పోయేవాడు. మరుసటి రోజు ఇంకొంచెం తగ్గేది. “సాయంత్రం ఇప్పి జూద్దాం,” అని ఆయనే అన్నాడు, సాయంత్రం ఓవర్‌టైం పడి చూడలేదు. నేను చూడవలసింది. పండుగకు ఇల్లు అలుకుతూ ఉండిపోయాను.

దసరా ఇంకా నాలుగు రోజులుంది. ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం కాకముందే సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. ముఖం చూస్తేనే అర్థమైంది. ఫతేనగర్ ఎత్తు దిగుతుంటే వెనక చక్రం మొత్తం కూర్చుందట. సైకిలు భుజాన వేసుకుని ఉరికాడట. గేటు కనబడే చోట ఉండగా సైరన్ ఆగిందట. అంతదాకా పక్కనుంచి తోటివాళ్లు సైకిళ్ల మీద పోతూనే ఉన్నారట. ఎవరు ఆగుతారు, ఎవరి బిళ్ల వాళ్లు వేసుకోవాలి కదా.

మామ చక్రం విప్పించాడు. ట్యూబు బయటికి తీసి చేతిలో తిప్పాడు. ముల్లు దిగిన చిల్లు ఒక్కటీ లేదు. ట్యూబు చుట్టూ సన్నగా గీకినట్టు అరిగి, కాగితంలా అయి, ఒకచోట నోరు తెరిచింది. మామ వేళ్ల మధ్య ఆ పొడిని రాసి చూశాడు. ఇంకోసారి రాశాడు. తరువాత నా వైపు తల తిప్పాడు. ఆయనకు నా ముఖం సరిగ్గా కనబడదు, అయినా చూశాడు.

“ఏమైంది నాయినా?” అన్నాడు మా ఆయన.

“పట్టీ అంచు నేనే సరిగ జూడలే. జరంల వేలు తిమ్మిరెక్కింది. నా తప్పేరా,” అన్నాడు మామ.

మా ఆయన సైకిలును తన వైపు లాక్కున్నాడు. “ఇగ నా సైకిలు ముట్టకు నాయినా. కండ్లు గనవడనోడు టైరు ముట్టొద్దు,” అన్నాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు. మామ గోనె మీద పరిచిన పనిముట్లను ఒక్కొక్కటీ తడిమి డబ్బాలో వేశాడు. నేను పరదా దగ్గర నిలబడి ఉన్నాను.

తరువాత మామను అడిగాను, ఎందుకు అట్లా చెప్పావు మామా అని. “నువ్వు కొత్తదానివి. నేనైతే వాని నాయిన్ని, నన్నేం జేస్తడు?” అన్నాడు. డబ్బాలో పొడి ఏమిటో అప్పుడు చెప్పాడు. అది బలపం పొడి. బడి దగ్గరి దుకాణంలో విరిగిన బలపాలు తెచ్చుకుని నూరేవాడట. బలపం మెత్తటి రాయి, నూరితే సబ్బులా జారుతుంది. పలుగురాయి గాజులాంటిది, ఎంత మెత్తగా దంచినా దాని పదును పోదు. నేను బడికి పోలేదు, బలపం ఎప్పుడూ చేత పట్టలేదు. నాకు తెల్లటి పొడి అంటే ముగ్గుపొడే.

మర్నాడు మా ఆయన పనికి పోలేదు, పిలుపు లేదు. ఎవరినో కలవాలని బజారుకు పోయాడు. నేను అత్తకు మా పెద్దమ్మ దగ్గరికి పోతున్నానని చెప్పి, ఆ ట్యూబును సంచిలో పెట్టుకుని బాలానగర్ నడిచాను. రోజూ ఆయన పోయే దారే. ఆ రోడ్డు మీద ఇనుప పొట్టు ఎంత ఉంటుందో కళ్లారా చూడటం నాకు అదే మొదలు. ఎండకు మెరుస్తూ, రోడ్డు అంచు పొడవునా వెండి జరీ వేసినట్టు ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. మా ఆయన పేరు చెప్పి, మేస్త్రీ కావాలన్నాను. ఆడమనిషి ట్యూబు పట్టుకుని వచ్చిందని వాడు నవ్వి, అయినా పోయి పిలుచుకొచ్చాడు. మేస్త్రీ పొట్టిగా, చెవుల మీద తెల్ల వెంట్రుకలతో, చేతులకు నూనె పట్టి ఉన్నాడు.

“నీ మొగనికి మూడు లేట్లయినయమ్మా. రూల్ రూలే,” అన్నాడు, నేను నోరు తెరవక ముందే.

“మూడోది ఆయన తప్పు గాదు సారూ. నాది,” అన్నాను. ట్యూబు ఇచ్చాను.

ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. వేలితో పొడి తీసి రాశాడు. “ఏందిది? పలుగుపొడి గదా. ఎవరేసిన్రు?”

“ముగ్గుపొడి. నేనే ఏసిన. బలపం పొడికి బదులు.”

మేస్త్రీ మూతి ఒక పక్కకు వంకర పోయింది, నవ్వు ఆపుకున్నాడు. “మా గ్రైండింగ్ మిషన్ గూడ ఇంత సాపుగ అరగదియ్యదు. పంక్చర్ పని నీకు వస్తదా?”

“వస్తది. గిదొక్కటే తెల్వలే.”

ఆయన ట్యూబు మడిచి నా చేతిలో పెట్టాడు. “ఇనమ్మా. ఒక్కని కోసం పెట్టె తెరిస్తే రేపు అందరి కోసం తెరవాలె. ఈసారి కాగితం అయిపోయింది. వచ్చే ఏడు మల్ల రాస్తరు. గప్పటిదాక మీ ఆయన్ని సక్కగ పంపు.” అంతే. లోపలికి పోయాడు. నేను ఏడవలేదు. అక్కడ ఏడిస్తే వాచ్‌మన్ ఇంకో ముచ్చట చెప్పుకుంటాడని తిరిగి నడిచాను.

ఇంటికి వచ్చాక మా ఆయనకు పొడి సంగతి చెప్పాను. బాలానగర్ సంగతి చెప్పలేదు. ఫలితం లేని పని చెప్పి ఏం లాభం. మామ అడ్డం రాబోయాడు, “మామా, నువ్వు ఊకో,” అన్నాను. మామతో అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదటిసారి. మా ఆయన విన్నాడు. అన్నం తిన్నాడు. మర్నాడు పొద్దున నేను వాకిట్లో ఊడుస్తుంటే సైకిలు తెచ్చి నా ముందు బోర్లించాడు. “ఎనక చక్రం ఇప్పు,” అన్నాడు. విప్పాను. కొత్త ట్యూబు ఇచ్చాడు. బజారు నుంచి పొట్లం కట్టి తెచ్చిన తెల్లపొడి తీసి, దాన్ని నాకు ఇవ్వకుండా లోపలికి పోయి, మామ మంచం దగ్గర కూర్చున్నాడు. “నాయినా, ఇది బలపందేనా? వేలు వెట్టి జూడు,” అన్నాడు. మామ చాలా సేపు రాశాడు. ఒక్క నిమిషంలో తెలిసిపోయే సంగతికి అంత సేపు రాశాడు. “బలపందే,” అన్నాడు. పనిముట్ల డబ్బా ఆ రోజే మళ్లీ గోనె మీదికి వచ్చింది.

ఆ తరువాత ఏడాదంతా మా ఇంట్లో అదే పద్ధతి. పొడి మామ చూడాలి, పట్టీ అంచు మామ వేలు చూడాలి, ఎక్కించడం నేను చేయాలి, గాలి రోజూ మా ఆయన నొక్కి చూసుకోవాలి. ముగ్గురు మనుషులు ఒక వెనక చక్రానికి కాపలా. హరిత టైరులో ఆ పొర కంపెనీలోనే వేసి వస్తుంది. శీను చూపించాడు, గుడ్డలాగా అల్లి ఉంది, మామ పట్టీ బరువులో పదో వంతు లేదు. పొడి అక్కర్లేదు, పట్టీ చెక్కేవాడు అక్కర్లేదు. మంచిదే. మామ చూస్తే తడిమి తడిమి వదిలేవాడు కాదు. పుప్పాలగూడలో పలుగురాయి కూడా ఇప్పుడు లేదు, గుండ్లన్నీ పేల్చేశారు. హరితకు పెట్టె లేదు, బిళ్ల లేదు, మెడలో కార్డు ఉంది. ఆఫీసుకు ఎప్పుడు పోయినా ఏమీ అనరట. మరి ఎందుకమ్మా ఆ ఉరుకు అంటే, సరదా అంది. సరదాకు ఉరికే కాళ్లను చూడటం నాకు బాగుంటుంది. పంక్చరైన రోజు ఒక్కతే నడవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్క తీరే ఉంది. అప్పుడు తోటివాళ్లు ఆగితే వాళ్ల కూలి పోయేది. ఇప్పుడు ఆగితే ఏం పోతుందో నాకు అర్థం కాలేదు.

ఆ ఏడాదిలో మా ఆయనకు ఒక్క ఆలస్యం లేదు. మళ్లీ దసరాకు పర్మినెంటు అయినవాళ్ల కాగితం పెట్టారు, పేరు ఉంది. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి ముందు మామ దగ్గరికి పోయి, “ఎక్కింది నాయినా,” అన్నాడు. అత్త చెంగుతో కళ్లు తుడుచుకుని, ఇంత పొద్దుపోయి వస్తే రొట్టెలు చల్లారవా అని నన్ను తిట్టింది. తరువాత ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“పోయినేడు బాలానగర్ దాక నడిచొచ్చినవట. మేస్త్రీ చెప్పిండు.”

“వచ్చిన.”

“నాకు చెప్పలే.”

“నువ్వు అడగలే.”

ఆ ఆదివారం పొద్దున చీర మార్చుకోమన్నాడు. సైకిలు వెనక క్యారియర్ మీద దుప్పటి మడిచి వేసి కూర్చోమన్నాడు. పెళ్లయినాక ఆ సైకిలు ఎక్కడం నాకు అదే మొదలు. సనత్‌నగర్ దాటి, ఫతేనగర్ ఎత్తు ఎక్కి దిగి, బాలానగర్ గేటు ముందు ఆపాడు. సెలవు రోజు, గేటు మూసి ఉంది. కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి, అదిగో బిళ్లలు వేసే పెట్టె, అదిగో నా మిషన్ ఉండే షెడ్డు అని చూపించాడు. నేను ఊ అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఏదీ సరిగ్గా కనబడలేదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా మనసంతా కిందే ఉంది. ఇద్దరి బరువూ వెనక టైరు మీదే, ఆ రోడ్డు నిండా ఇనుప పొట్టు, ఆ చక్రం నేను ఎక్కించింది. దారంతా గాలి పోయే చప్పుడు వస్తుందేమోనని వింటూనే కూర్చున్నాను. బోరబండలో మా వాకిట్లో దిగేదాకా ఆ చప్పుడు రానే రాలేదు.